కోట తలుపు తీసింది లోపలివాడే

వారాంతం వచ్చిందంటే హైటెక్ సిటీ హోటళ్లలో లీడర్‌షిప్ క్లాసులు. తెర మీద చాణక్యుడి బొమ్మ, పక్కనే పాత చైనా యుద్ధతంత్ర రచయిత సన్ జూ. పోటీ కంపెనీ కస్టమర్లను ఎలా లాగాలో, వాళ్ల మనుషుల్ని ఎలా ఎగరేసుకురావాలో చెబుతారు. నేనూ అలాంటి రెండు క్లాసుల్లో కూర్చున్నాను. పాత యుద్ధతంత్రం నేటి వ్యాపారానికి పనికొస్తుందనే నేనూ నమ్ముతాను. కానీ మనవాళ్లు దాడి గురించిన పేజీలే చదివి, సొంత సైన్యం గురించిన పేజీలు వదిలేస్తున్నారు.

దీనికి రుజువు వెతుక్కుంటూ పాటలీపుత్రం దాకా పోనక్కర్లేదు, గోల్కొండ చాలు. 1687లో ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు ఆ కోటను చుట్టుముట్టి కూర్చున్నాడు. గోడల కింద మందుపాతరలు పెట్టిస్తే అవి పేలి ఆయన సైనికులే పోయారు. వానలు, కరువు మొగలు శిబిరాన్నే పీల్చేశాయి. చివరికి సెప్టెంబర్‌లో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే లోపలి సర్దారు లంచానికి లొంగి తలుపు తీశాడు. కుతుబ్‌షాహీల పాలన ఆ రాత్రితో సరి. అదే కోటలో అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలై పడిపోయేదాకా పోరాడాడు. మన టీమ్‌లో పన్నీ ఎవరు, లారీ ఎవరు? లీడర్ ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో సైన్యానికి వచ్చే కష్టాలను కౌటిల్యుడు, అంటే ఆ చాణక్యుడే, జతలు జతలుగా తూకం వేస్తాడు. జీతం అందని సైన్యమా, రోగాల పాలైన సైన్యమా? జీతం అందనిదే నయం, బాకీ తీర్చగానే పోరాడుతుంది. గౌరవం దక్కని సైన్యమా, అవమానపడ్డ సైన్యమా? మొదటిదాన్ని గౌరవిస్తే పోరాడుతుంది. రెండోది పోరాడదు, దాని లోపల కోపం ఉంటుంది.

ఈ మాట నిజమని మా కూకట్‌పల్లి వీధిలోనే చూశాను. ఎదురెదురుగా రెండు కర్రీ పాయింట్లు. ఒకాయన అవతలివాణ్ని దెబ్బకొట్టాలని కూర ప్యాకెట్ 40 రూపాయల నుంచి 30కి దించాడు. జనం ఎగబడ్డారు. ఒకరోజు పప్పుచారులో ఉప్పెక్కువైందని వంట మాస్టర్‌ను కస్టమర్లందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. మాస్టర్ ఏమీ అనలేదు. గరిటెను గిన్నె మీద అడ్డంగా పెట్టి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మరుసటి వారం రోడ్డుకు అవతల అదే గుత్తొంకాయ, అదే చేతి రుచి. 40 రూపాయలైనా జనం అటే వెళ్లారు.

దూకుడు లేకపోతే మార్కెట్‌లో నిలబడలేం అంటారు, 2016లో జియో ఉచితంగా డేటా ఇచ్చి గెలవలేదా అంటారు. గెలిచింది, ఖజానా ఉంది కాబట్టి. ‘కోశపూర్వాః సర్వారంభాః’, ఏ పని మొదలెట్టాలన్నా ముందు ఖజానా ఉండాలి, అన్నదీ కౌటిల్యుడే. మూడు నెలల జీతాలకు డబ్బు లేని స్టార్టప్ ఆ ఆట ఆడితే ముందు నలిగేది సొంత ఉద్యోగులే.

నా అసలు బాధ ఇక్కడే. ఈ నగరంలో మనిషిని పనిలోకి తీసుకునేటప్పుడు ఉన్న మర్యాద పంపేటప్పుడు ఉండదు. రిలీవింగ్ లెటర్ కోసం నెలల తరబడి తిప్పుతారు. పదిహేనేళ్ల కిందట నేను పనిచేసిన చోట, ఆరేళ్ల సర్వీసున్న అకౌంటెంట్‌ను పక్కన సెక్యూరిటీ గార్డును పెట్టి గేటు దాకా నడిపించారు. చేతిలో టిఫిన్ బాక్సు, దేవుడి పటం. మేం ఇరవై మందిమి కిటికీల దగ్గర నిలబడి చూశాం. ఏడాది తిరగకుండా మాలో సగం మంది పోటీ కంపెనీలో చేరాం. మాకెవరూ లంచం ఇవ్వలేదు. క్లయింట్ల నంబర్లన్నీ మాకు కంఠతా వచ్చు.