కార్మికులు దొరకని కార్మికుల పార్టీ

నార్వేలో 1973లో పుట్టిన కార్మికుల కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు–లెనినిస్టు)కి మావో సిద్ధాంతం ఉండేది, ‘క్లాసెకాంపెన్’ అనే సొంత పత్రిక ఉండేది, క్రమశిక్షణకు కొదవ ఉండేది కాదు. పేరులో ముందుగా పెట్టుకున్న కార్మికులు మాత్రం పెద్దగా ఉండేవారు కారు. విద్యార్థులతోనూ చదువుకున్న మధ్యతరగతితోనూ నిండిన ఆ పార్టీ ఈ చిన్న లోటును తీర్చుకున్న పద్ధతికి విప్లవ చరిత్రలో దక్కవలసిన గౌరవం దక్కలేదని నా ఫిర్యాదు. కార్మికులు పార్టీలోకి రాకపోతే సభ్యులే చదువులు మాని కర్మాగారాలకు పోయి కార్మికులు కావాలన్నారు. పెళ్లికూతురు దొరకని పెళ్లివారు వరుడి తమ్ముడికే చీర కట్టి పీటల మీద కూర్చోబెట్టినట్టన్నమాట.

ఇక ఆ కర్మాగారంలో భోజన విరామాన్ని ఊహించండి. తత్వశాస్త్రం వదిలి వచ్చిన కుర్రవాడి పక్కన కూర్చున్న అసలు కార్మికుడికి బలమైన యూనియన్ ఉంది, ఏడాదికి 4 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, శుక్రవారం సాయంత్రం భార్యాపిల్లలతో వెళ్లడానికి కొండల్లో ఒక చెక్క ఇల్లు ఉంది. ఓటు లేబర్ పార్టీకి వేస్తాడు. ఆయన రొట్టెల పొట్లం విప్పుతుండగా కుర్రవాడు గొంతు తగ్గించి, తమరెంత ఘోరంగా దోపిడీకి గురవుతున్నారో తమకే తెలియదని విన్నవిస్తాడు. ఆయన నములుతూ వింటాడు. సోవియట్ సామాజిక సామ్రాజ్యవాదం (మాటల్లో సోషలిజం, చేతల్లో సామ్రాజ్యవాదం అని మావోవాదులు రష్యాను తిట్టే తిట్టు) మీదుగా ప్రసంగం మూడో ప్రపంచ యుద్ధానికి చేరేసరికి గంట మోగుతుంది. కుర్రవాడికి మర బిగించడం ఇంకా చేతకాదు కాబట్టి ఆ దోపిడీకి గురైన మనిషే వచ్చి బిగించి పోతాడు.

ఫలితం చూడండి: పార్టీ ఎన్నికల వేదికకు 1973లో 0.4 శాతం, 1977లో 0.6, 1981లో 0.7 ఓట్లు వచ్చాయి. ఈ వేగంతో సగం దేశాన్ని గెలవడానికి మరో 1,300 ఏళ్లు చాలు. ఆ పార్టీ మాటలను అక్షరం పొల్లుపోకుండా విన్నది రహస్య పోలీసులే; ఆ నిఘాలో ఎంత చట్టవిరుద్ధం ఉందో 1996లో పార్లమెంటు నియమించిన విచారణ సంఘం, లుండ్ కమిషన్, బయటపెట్టింది.

నవ్వు ఇక్కడితో సరి. 1978లో ఈ పార్టీ నాయకుడు స్టైగన్ కంపూచియా (నేటి కంబోడియా) వెళ్లి అక్కడి కమ్యూనిస్టు పాలకుడు పోల్ పాట్ ఆతిథ్యం స్వీకరించాడు. చదువుకున్నవారిని పొలాలకు పంపడం అక్కడ కూడా జరుగుతోంది, తుపాకీ ముందు పెట్టుకుని. ఓస్లో కుర్రవాడు విసుగెత్తితే తిరిగి విశ్వవిద్యాలయానికి పోవచ్చు. అలా పోయినవారున్నారు, పేరు తెచ్చుకున్నవారున్నారు. కంపూచియా రాజధాని ఫ్నామ్ పెన్ నుంచి తరిమివేయబడిన ఉపాధ్యాయుడికి తిరుగుదారి లేదు. నాలుగేళ్లలోపు 15 లక్షలకు పైగా మనుషులు ఆకలితో, రోగంతో, హత్యలతో పోయారు. ఆ ఆతిథ్యానికి సాకు అమాయకత్వమట, యవ్వనమట! అక్కడి నుంచి థాయ్ సరిహద్దు దాటి వచ్చిన రైతులు ఆ ఘోరాల గురించి అప్పటికే నోరు తెరిచి చెబుతున్నారు. శ్రామికుడి గొంతు వినడానికి బతుకునే మార్చుకున్నామని చెప్పుకున్న పార్టీ, ఆ రైతులు చెప్పింది సామ్రాజ్యవాదుల కట్టుకథ అని కొట్టిపారేసింది.