‘అప్పుడప్పుడు’ అంటే ఎప్పుడు?

బెంగళూరు మారతహళ్లి పీజీలో నా రూమ్మేట్, హిందూపురం అబ్బాయి, ఒక మొబైల్ గేమ్‌కి టెస్టర్‌గా పనిచేసేవాడు. కోడ్ రాసే టీమ్ కెనడాలో ఉండేది. ఆడి చూసి బగ్‌లు, అంటే గేమ్‌లోని తప్పులు, పట్టుకోవడం వాడి పని. ఒకరోజు వాడు పెట్టిన బగ్ రిపోర్టు మొత్తం ఒక్క వాక్యం: లిఫ్ట్ ఎక్కితే హీరో అప్పుడప్పుడు కిందికి పడిపోతున్నాడు. మర్నాడు ఆఫీసుకెళ్లేసరికి జవాబు వచ్చి ఉంది: మా దగ్గర రావడం లేదు, క్లోజ్ చేస్తున్నాం. వీడు మళ్లీ ఓపెన్ చేశాడు. వాళ్లు మళ్లీ క్లోజ్ చేశారు. నాలుగు రోజులు ఇదే తంతు. ‘నా కళ్లతో చూసినా మామా, అబద్ధం చెప్తానా’ అని గదిలో ఒకటే గోల.

వాడు చెప్పింది నిజమే. కానీ ‘అప్పుడప్పుడు’ అన్న మాట పట్టుకుని ఎవరైనా ఎక్కడని వెతుకుతారు?

ఐదో రోజు రాత్రి మంచం మీద కూర్చుని అదే లెవెల్ ఆడుతున్నాడు. తొమ్మిదింటికి రోజూ లాగే వాళ్లమ్మ ఫోన్. ‘తింటివా నాయనా?’ ‘తింటిమా.’ ఫోన్ పెట్టేసి గేమ్‌లోకి వచ్చాడో లేదో, హీరో ధబ్బున కింద పడ్డాడు. ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఆ తర్వాత గంటసేపు నా పని పక్క మంచం మీంచి వాడికి ఫోన్ చేయడమే. లిఫ్ట్ పైకి వెళుతుండగా పదిసార్లు చేస్తే ఎనిమిదిసార్లు హీరో పడ్డాడు. పడని రెండుసార్లూ వాడు ఫోన్ ఎత్తి వెంటనే పెట్టేశాడు. నాకు ఆ ఎనిమిది కన్నా ఈ రెండే ముఖ్యమనిపించాయి. ఎంతసేపు మాట్లాడామన్న దాన్నిబట్టి బగ్ వస్తోందని తెలిసింది వాటివల్లే.

కెనడాలో ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. వాళ్ల టెస్ట్ ఫోన్లలో సిమ్ కార్డులే లేవు.

రెండో రిపోర్టులో ముందు బిల్డ్ నంబరు (అది గేమ్ ఏ వెర్షనో), ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాశాడు. లిఫ్ట్ కదులుతుండగా కాల్ ఎత్తి కనీసం ఐదు సెకన్లు మాట్లాడాలనీ, గేమ్‌లోకి తిరిగొచ్చేసరికి లిఫ్ట్ పై అంతస్తులో, హీరో ఇంకా పాతచోటే గాల్లో ఉంటాడనీ, అప్పుడు పడతాడనీ రాశాడు. పదికి ఎనిమిది. పడని రెండింటి సంగతి కూడా. మర్నాటికల్లా సరిచేశారు. లిఫ్ట్ ఎక్కడుండాలో ఫోన్ గడియారాన్నిబట్టి లెక్కేస్తున్నారట, హీరో కదలిక మాత్రం ఫ్రేముల్నిబట్టి, అంటే తెరమీద ఒకదాని తర్వాత ఒకటి గీసే బొమ్మల్నిబట్టి. కాల్ నడిచినంతసేపు ఫ్రేములు ఆగుతాయి, గడియారం ఆగదు కదా.

ఒక వాక్యంతో నాలుగు రోజులు పోయాయి, ఒక పేరాతో ఒక్క రోజులో పని అయిపోయింది. బెంగళూరులో కూర్చుని బయటి దేశాల గేమ్‌లు టెస్ట్ చేసేవాళ్లకి ఈ లెక్క ముఖ్యం. మనం సాయంత్రం లాప్‌టాప్ మూసే వేళకి కెనడాలో తెల్లారుతుంది. ‘ఏ ఫోన్‌లో?’ అని వాళ్లు అడిగితే మనం చూసేది మర్నాడు, మన జవాబు వాళ్లు చూసేది ఆ రాత్రి. రిపోర్టులో వదిలేసిన ప్రతి వివరానికీ ఒక రోజు ఖర్చు.

ఆ మొదటిదానిలాంటి రిపోర్టులు చూసినప్పుడల్లా మేనేజర్లు ‘మీవాళ్లకి ఇంగ్లీషు రాదండీ’ అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మా రూమ్మేట్ రెండో రిపోర్టులో గ్రామర్ మొదటిదానికన్నా అధ్వానం. అయినా పని జరిగింది. అసలు చిక్కు మనం లీవ్ లెటర్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషుతో. ‘గేమ్ సరిగా పనిచేయుట లేదు, దయతో పరిశీలించి తగు చర్య తీసుకోగలరు’ అనే ధోరణి అందులోంచే వచ్చింది. మర్యాదకి లోటు లేదు, సమాచారం మాత్రం సున్నా. అదే అబ్బాయిని ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ ఏం జరిగిందిరా అని అడగండి, ఎక్కడ నిలబడ్డాడో, ఏ బటన్ నొక్కాడో, ఏమైందో వరసగా చెప్తాడు. ముందు అలా తెలుగులో ఎవరికైనా చెప్పి, తర్వాత దాన్నే ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో పెట్టమని నేను కొత్తవాళ్లకి చెప్తుంటాను.

ఇంకో జబ్బు ఊహని చూసినట్టుగా రాయడం. ‘మెమరీ లీక్ వల్ల గేమ్ ఆగిపోతోంది’ అని రాస్తారు. మెమరీ లీక్, అంటే గేమ్ వాడేసిన మెమరీని తిరిగి వదలకపోవడం, కంటికి కనబడదు. కనబడింది నలభై నిమిషాలు ఆడాక గేమ్ ఆగిపోవడం. ఊహ రాయొద్దని కాదు, దాన్ని విడిగా, ఊహ అని చెప్పి రాయాలి. లేకపోతే ఏమవుతుందో గాంధీగారి కథే సాక్ష్యం. 1991 నాటి సివిలైజేషన్ గేమ్‌లో గాంధీకి ఇచ్చిన దూకుడు విలువ ఒకటి అనీ, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి రెండు తీసేస్తే, సున్నా కిందికి వెళ్లలేని ఆ అంకె గిర్రున తిరిగి 255కి ఎగబాకేదనీ, అందుకే ఆయన అణుబాంబులు వేసేవాడనీ నెట్ అంతా నమ్మింది. లెక్క వినడానికి బాగుంది, ఇంజనీరింగ్ చదివినవాళ్లకి మరీ నచ్చుతుంది. గేమ్ తయారుచేసిన సిడ్ మేయర్ 2020లో తన ఆత్మకథలో అలాంటి బగ్ అసలు లేదని రాశాడు.

ఊహ ఎంత గట్టిదైనా దానికి కొలత తోడుండాలి. బెంగళూరులోని ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో కొన్నది రాక్‌స్టార్. ఆ రాక్‌స్టార్ తయారుచేసిన గేమ్ జీటీఏ ఆన్‌లైన్ లోడ్ కావడానికి నిమిషాలకి నిమిషాలు పట్టేది. ఏళ్ల తరబడి జనం తిట్టుకుంటూనే ఆడారు. 2021 ఫిబ్రవరిలో బయటి ప్రోగ్రామర్ ఒకడు కూర్చుని టైమ్ ఎక్కడ పోతోందో కొలిచాడు. గేమ్‌లో కొనుక్కునే సుమారు 63,000 వస్తువుల జాబితా, 10 ఎంబీ ఫైలు. అందులో ఒక్కో ముక్క చదివినప్పుడల్లా ప్రోగ్రామ్ మిగతా ఫైలు పొడవంతా మళ్లీ కొలుస్తోంది. పుస్తకంలో ప్రతి పదానికీ ఆగి ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టుకున్నట్టు. ఆ లెక్కింపునీ, ఒక్కో వస్తువు జాబితాలో ఇప్పటికే ఉందా అని మొదట్నుంచీ వెతకడాన్నీ తప్పించి చూస్తే అతని కంప్యూటర్‌లో ఆరు నిమిషాలు పట్టేది రెండు నిమిషాల లోపుకి దిగింది. రాక్‌స్టార్ మార్చిలో ఒప్పుకుని సరిచేసింది, అతనికి 10,000 డాలర్లు ఇచ్చింది. ‘లోడింగ్ చాలా స్లో’ అని అంతకుముందు అన్నవాళ్లదీ నిజమే. నిజం ఒక్కటే ఉంటే పని జరగదు.

‘వీడియో పెట్టాను కదా’ అంటారు కొందరు. పెట్టండి, మంచిదే. కానీ సూపర్ మారియో 64లో 2013లో ఒకతను ఆడుతుండగా మారియో ఉన్నట్టుండి పై అంతస్తుకి ఎగిరిపోయాడు. వీడియో ఉంది, మళ్లీ చేసి చూపిస్తే 1000 డాలర్లు ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు, అయినా ఇప్పటికీ అది ఎలా జరిగిందో తేలలేదు.

మన దగ్గర పరిస్థితిని పాడుచేసేది టెస్టర్ల కన్నా టార్గెట్లని నా అభిప్రాయం. రోజుకి ఇన్ని బగ్‌లు అని లెక్క పెడితే ఎవడైనా లెక్కే చూపిస్తాడు. ఒకే గోడ రంగు ఐదు గదుల్లో కనబడకపోతే ఐదు రిపోర్టులు. అన్నిటికీ ‘క్రిటికల్’ ముద్ర. అలాంటిచోట గంటసేపు పదిసార్లు ఫోన్ చేసి చూసినవాడు ఆరోజు వెనకబడ్డవాడి కింద లెక్క. క్లోజ్ అయిన రిపోర్టుల్లో ఎన్ని ఏ ప్రశ్నా లేకుండా ఫిక్స్ అయ్యాయో లెక్కపెడితే బొమ్మ వేరేగా ఉంటుంది. నాకు తెలిసిన చోట్ల ఆ లెక్క ఎవరూ తీయరు.

నేను చూసిన మంచి రిపోర్టుల్లో ఒకటి చాలా చిన్నది. ఒక గేమ్‌ని తెలుగులోకి తెచ్చారు. ‘మళ్లీ ఆడు’ అనే బటన్ మీద ‘మళీ ఆడు’ అని కనబడుతోంది. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా పెట్టారు, కింద వేలాడే ఒత్తు తెగిపోయింది. కర్నూలు అమ్మాయి ఒకావిడ ‘టెక్స్ట్ కట్ అవుతోంది’ అని పెడితే అక్కడివాళ్లు బొమ్మ చూసి ‘అక్షరాలన్నీ ఉన్నాయిగా’ అని తిప్పి పంపారు. వాళ్ల తప్పు లేదు, ఒత్తు అనేది ఒకటుంటుందని వాళ్లకేం తెలుసు? ఆవిడ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది, ఒకటి కనబడుతున్నది, ఒకటి కనబడాల్సింది. ఒత్తు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది. కింద ఒకే మాట: ఇది లేకపోతే ఇది మాటే కాదు. తర్వాతి బిల్డ్‌లో బటన్ ఎత్తు పెరిగింది, దాంతోపాటు మిగతా తెలుగు బటన్లన్నిటిదీ.