షేరుకు విలువ కట్టబోతే

మా తోడల్లుడు ఓ టెక్ కంపెనీ షేరు కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు ఊరుకోక నన్నూ కొనమని పట్టుకున్నాడు. పీఈ, అంటే షేరు ధర దాని ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, చూస్తే 140. ఇదేం ధర అన్నాను. "గ్రోత్ స్టాకుకి, అంటే ముందుముందు బాగా పెరుగుతుందనుకునే షేరుకి, పీఈ చూడరన్నయ్యా" అన్నాడు. మరేం చూస్తారయ్యా అంటే విజన్ చూస్తారట. విజన్‌ని దేనితో భాగించాలో మాత్రం చెప్పలేదు. నేనే విలువ కట్టి ఆదివారం వీడియో కాల్లో చూపిస్తానన్నాను. నోరు మూసుకుని ఉంటే ఈ గొడవే లేదు.

ఆ ధీమా ఎక్కడిదంటే, పాత కథలు నాకు బాగానే తెలుసు. 2000 మార్చిలో నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ. ఆ తర్వాత అదేం మూతపడలేదు, లాభాలూ పెరిగాయి. అయినా అప్పటి ధర మళ్ళీ కళ్ళజూడడానికి పాతికేళ్ళు పట్టింది. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ల కంపెనీ అధిపతి స్కాట్ మెక్‌నీలీ అయితే 2002లో తన షేరు కొన్నవాళ్ళనే కడిగేశాడు. అమ్మకాలకు పది రెట్లు పోసి కొన్నారే, ఆ డబ్బు పదేళ్ళలో మీకు తిరిగి రావాలంటే మాకొచ్చే ప్రతి డాలరూ మీకే పంచాలి, అంటే సరుకు ఖర్చు ఉండకూడదు, జీతాలు ఉండకూడదు, పన్నులు ఉండకూడదు, పరిశోధన ఉండకూడదు, అసలేం ఆలోచించి కొన్నారు అన్న ధోరణిలో. ఇదంతా తోడల్లుడికి ఏకరువు పెట్టాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "అమెజాన్."

ఒకప్పుడు ఖరీదనిపించినా తర్వాత ఎన్నో రెట్లు పెరిగిన షేరు అది; ఈ వాదనలన్నీ చివరికి అక్కడికే వచ్చి ఆగుతాయి. 1999 చివరి నుంచి 2001 దాకా అమెజాన్ షేరు 90 శాతం పైనే పడిపోయిందనీ, అంత పడుతున్నా అమ్మకుండా గుండె చిక్కబట్టుకుని కూర్చున్నవాడికే ఆ లాభం దక్కిందనీ చెప్పబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

సరే, విలువ కట్టే ఎక్సెల్ షీటు. రాబోయే పదేళ్ళలో కంపెనీ చేతిలో మిగిలే నగదు అంచనా వేసి, ఏటా 10 శాతం చొప్పున తగ్గించి ఇవాల్టి విలువకు తేవాలి. ఆ పదేళ్ళ తర్వాతి సంగతంతా టెర్మినల్ వాల్యూ అనే ఒక్క గడిలో పడేస్తారు. పదకొండో ఏటి నగదు తీసుకుని, డిస్కౌంట్ రేటులోంచి (పైన చెప్పిన ఆ 10 శాతం) ఆ తర్వాత ఎప్పటికీ ఏటా ఇంత పెరుగుతుందనుకునే శాశ్వత వృద్ధి రేటు తీసేయగా మిగిలిన దానితో భాగించడమే. వృద్ధి 4 శాతం అంటే కింద 6 మిగులుతుంది, ఆ నగదుకు సుమారు 17 రెట్లు. 9 శాతం అంటే 100 రెట్లు. 9.9 అంటే 1000 రెట్లు. పైన పదేళ్ళకూ ఎంత ఒళ్ళు వంచి లెక్కలు వేసినా, గ్రోత్ స్టాకు విలువలో సింహభాగం ఈ ఒక్క తీసివేతలోనే ఉంటుంది. రిపోర్టులు రాసే పెద్దమనుషులు మాత్రం దీన్ని చివరి పేజీలో చీమల అక్షరాల్లో వేస్తారు.

నేను కాస్త తెలివి చూపించి లెక్కను తిరగేశాను. మార్కెట్ ధర న్యాయమైనదే అనుకుంటే శాశ్వత వృద్ధి ఎంత ఉండాలో కనుక్కోమని ఎక్సెల్‌లో గోల్ సీక్‌కి, అంటే కావలసిన జవాబు చెబితే దానికి ఏ అంకె వేయాలో వెతికిపెట్టే పనిముట్టుకి, అప్పగించాను. ఏ 9 శాతమో వస్తే చాలు. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ పెరిగేదే ఏటా 3 శాతం అటూ ఇటూగా. ఈ కంపెనీ ఎప్పటికీ 9 చొప్పున పెరిగితే ఏదో ఒకనాటికి ప్రపంచం కంటే పెద్దదైపోవాలి. దాంతో తోడల్లుడి నోరు మూతపడాలి. గోల్ సీక్ కాసేపు గిలగిల్లాడి ఓ చిన్న పెట్టె చూపించింది: పరిష్కారం దొరికి ఉండకపోవచ్చు, అని. ఉండకపోవచ్చు ఏమిటి? దొరికిందో లేదో దానికి కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా కింద ఓకే అని బటన్. దొరకనిదానికి ఓకే ఎందుకో! బటన్ ఉంది కదా అని నొక్కాను.

కాల్లో తోడల్లుడు, నేను పిలవని ఆయన ఆఫీసు మిత్రులిద్దరు, ఓ మూల మామగారు. స్క్రీన్ షేర్ చేశాను. "దీని అసలు విలువ ఇదీ" అంటూ షీటు కిందికి జరిపాను.

గడిలో ఉన్నది: ##########

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "పాస్‌వర్డా అండీ?" అన్నాడు మిత్రుల్లో ఒకడు. కాదు, గడి వెడల్పు చాలకపోతే అంకె బదులు ఎక్సెల్ అలా గీతలు గీస్తుంది. ఇప్పుడే సరిచేస్తానన్నాను. రెండు వరసల మధ్య గీత మీద మౌస్ పెడితే అది రెండువైపులా బాణంలా మారాలి. మనం ఒంటరిగా ఉన్నప్పుడు ఠక్కున మారుతుంది. నలుగురు చూస్తుంటే మారదు. మారినట్టే మారి, నేను లాగేసరికి పక్క వరస ఇరుకై అందులోని పదేళ్ళ నగదూ గీతలైపోయింది. "అదీ పోయింది" అన్నారు మామగారు. ఆయన ఆ సాయంత్రం మాట్లాడిన మొదటి మాట అదే. వెనక్కి తెచ్చాను. మళ్ళీ లాగాను. గడి సగం స్క్రీన్ ఆక్రమించాక అంకె బయటపడింది.

మైనస్ 16,96,000 చిల్లర డాలర్లు. ఒక్కో షేరుకి.

వృద్ధి గడిలో 10.0 శాతం అని ఉంది. డిస్కౌంట్ గడిలోనూ 10.0 శాతమే. నొక్కి చూస్తే మొదటిది 10.0003. దశాంశం తర్వాత ఒక్క అంకె చాల్లే, చూడ్డానికి నీటుగా ఉంటుందని నేనే పెట్టుకున్నాను. కింద మిగిలింది మైనస్ 0.0003 శాతం, దానితో భాగిస్తే ఇంతే మరి. ఇదంతా నేను గుక్కతిప్పుకోకుండా వివరిస్తుంటే మామగారు కళ్ళజోడు సవరించుకుని, "మైనస్ అంటే కొన్నవాళ్ళకి వాళ్ళే ఎదురు డబ్బిస్తారా అల్లుడుగారూ?" అన్నారు. లెక్క ప్రకారం అంతేనన్నాను. "అయితే నా పేరున రెండు తీసుకోండి." తోడల్లుడు తన మైక్ మ్యూట్ చేశాడు. కెమెరా ఆపడం మర్చిపోయాడు.

ఇవాళ పొద్దున లేచేసరికి ఆయన మెసేజ్: "6 శాతం పెరిగిందన్నయ్యా!" పక్కన నవ్వు బొమ్మలు. ఎవరో అనలిస్టు టార్గెట్ ధర పెంచాడట. ఆ అనలిస్టు తన షీటులో శాశ్వత వృద్ధి ఎంత వేశాడో స్క్రీన్ షేర్ చేసి చూపించమని మాత్రం ఎవరూ అడగరు.