‘ముందు అన్నీ తెరిచేయండి’ అనే సలహాను ఇక ఎవరికీ పంపకండి

ప్లాంట్లలో పనిచేసే మిత్రుల నుంచి ఒకే సందేశం మళ్లీ మళ్లీ వస్తోంది. “పారిశ్రామిక సెక్యూరిటీ గేట్‌వేతో తలనొప్పి లేకుండా ఉండటానికి ఏడు సూత్రాలు” అని దాని శీర్షిక. గేట్‌వే అంటే ప్లాంట్ నెట్‌వర్క్ మధ్యలో కూర్చుని, రూల్స్ ప్రకారం కొన్ని సంభాషణలను వదిలి మిగతావాటిని ఆపే పెట్టె. పంపినవారిలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో తల పండినవారు ఉన్నారు. కొత్తగా కమిషనింగ్‌కు, అంటే కొత్త ప్లాంట్లను నడకలో పెట్టే పనికి, వెళ్తున్న కుర్రవాళ్లూ ఉన్నారు. పెద్దలు చదివి పక్కకు పంపేస్తారు. కుర్రవాళ్లు మాత్రం ఫోనులో దాచుకుని, రాత్రి షిఫ్టులో ప్యానెల్ ముందు నిలబడి దాన్నే అమలు చేస్తారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి సూత్రం: “మీ ప్లాంట్ నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్ లేకపోతే గేట్‌వే అవసరమే లేదు.”

ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రానికి ఇంటర్నెట్ లేదు. అయినా 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ అక్కడి యంత్రాలను నడిపే సీమెన్స్ కంట్రోలర్ల దాకా వెళ్లింది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించేలా దాన్ని తయారు చేశారు. అది దేశాల మధ్య గొడవ, మన సిమెంటు ఫ్యాక్టరీ జోలికి ఎవరు వస్తారు అంటారా? తైవాన్‌లో చిప్పులు తయారు చేసే టీఎస్‌ఎమ్‌సీకి 2018 ఆగస్టులో ఏమైందో చూడండి. కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు వైరస్ తనిఖీ చేయకుండా నెట్‌వర్క్‌కు కలిపారు. వన్నాక్రై రకం పురుగు, అంటే తనంతట తానే పాకే వైరస్, ఒక్కసారిగా యంత్రాలను పట్టుకుని ఉత్పత్తిని ఆపింది. దానికి ఎవరూ గురిపెట్టి దాడి చేయనక్కర్లేకపోయింది. మీ ప్లాంట్‌కు వచ్చే సర్వీసు ఇంజినీరు ల్యాప్‌టాప్ నిన్న ఏ నెట్‌వర్క్‌లో ఉందో మీకు తెలుసా? గేట్‌వే ఇంటర్నెట్‌ను ఆపడానికి మాత్రమే అనుకోవడంలోనే తప్పు ఉంది. ప్లాంట్‌ను భాగాలుగా విడదీసి, ఒక భాగంలో అంటుకున్నది మరో భాగానికి పాకకుండా చూడటం దాని అసలు పని. పారిశ్రామిక నెట్‌వర్క్ భద్రతకు ఉన్న ఐఈసీ 62443 ప్రమాణం జోన్లు, వాటిని కలిపే మార్గాలు అంటూ చెప్పేది కూడా అదే.

రెండో సూత్రం: “కంపెనీ పెట్టిన సెట్టింగులను ముట్టుకోవద్దు, అవే సురక్షితం.” దీని మీద ఎక్కువ మాట్లాడను. చాలా పరికరాల్లో కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మాన్యువల్‌లోనే అచ్చయి ఉంటుంది. మార్చండి.

మూడో సూత్రం: “పింగ్ వస్తే నెట్‌వర్క్ బాగున్నట్టే, రాకపోతే గేట్‌వేదే తప్పు.”

ఈ ఒక్క నమ్మకం వల్ల ఎన్ని గంటల ఉత్పత్తి పోతోందో చెప్పలేను. పింగ్ అంటే ‘ఉన్నావా’ అని ఒక పరికరం ఇంకోదాన్ని అడిగే చిన్న ప్రశ్న. పింగ్‌కు జవాబు వచ్చిందంటే పింగ్‌కు జవాబు వచ్చిందనే అర్థం. మోడ్‌బస్ అనే పరికరాల భాష నడిచేది టీసీపీ 502 పోర్టు మీద. పోర్టు అంటే ఒక్కో రకం సంభాషణకు ఉండే తలుపు నంబరు. పింగ్‌ను వదిలి 502ను ఆపే రూల్ ఉండవచ్చు, 502ను వదిలి పింగ్‌ను ఆపే రూల్ కూడా ఉండవచ్చు. ఏదో ఒకటి చూసి రెండోది ఎలా తేలుస్తారు?

గేట్‌వే పెట్టిన రోజు కంట్రోలర్ మూగబోతే నేను మొదట చూసేది గేట్‌వేను కాదు, పీఎల్‌సీలో, అంటే ఆ కంట్రోలర్‌లో, డీఫాల్ట్ గేట్‌వే చిరునామా (వేరే నెట్‌వర్క్‌కు పంపాల్సినవి ఏ పెట్టెకు ఇవ్వాలో చెప్పేది) నింపారా లేదా అన్నది. అంతకుముందు స్కాడా (ఆపరేటరు తెరల వ్యవస్థ), పీఎల్‌సీ ఒకే సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఒకే గుంపులో, ఉండేవి కనుక ఆ గడిని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వాటి మధ్య రౌటింగ్ వచ్చింది. ప్రశ్న పీఎల్‌సీ దాకా చేరుతోంది, జవాబు ఎటు పంపాలో పీఎల్‌సీకి తెలియదు. ఆ గడి నింపే వీలు లేని పాత పరికరమైతే గేట్‌వేలో చిరునామా మార్పిడి పెట్టుకోవాలి. లేదా గేట్‌వేను పారదర్శక పద్ధతిలో, అంటే ఉన్న చిరునామాలు మార్చకుండా మధ్యలో కూర్చునేలా పెట్టాలి.

తర్వాత ఏఆర్‌పీ పట్టిక, అంటే ఏ ఐపీ చిరునామా ఏ పెట్టెదో ప్రతి పరికరం రాసుకునే జాబితా. పాత పెట్టె తీసి అదే ఐపీతో కొత్తది పెడితే, చుట్టూ ఉన్న పరికరాలు ఇంకా పాత పెట్టె మ్యాక్ (హార్డ్‌వేర్) చిరునామాకే పంపుతూ ఉంటాయి. తర్వాత వీపీఎన్, అంటే బయటి నుంచి లోపలికి వేసే రహస్య సొరంగం. విండోస్ పింగ్ మామూలుగా పంపేది 32 బైట్లు, అది సొరంగంలోంచి హాయిగా వెళ్తుంది. పీఎల్‌సీ ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ మాత్రం మధ్యలో ఆగిపోతుంది, ఎందుకంటే వీపీఎన్ తన తలపట్టీలు చేర్చేసరికి పెద్ద ప్యాకెట్లు పరిమితి దాటిపోతాయి. ముక్కలు చేయవద్దన్న సూచనతో 1472 బైట్ల పింగ్ పంపి చూడండి. అది పడిపోయి చిన్నది వెళ్తుంటే జబ్బు దొరికినట్టే. ఇవేవీ ఆ సందేశంలో లేవు.

ఇక నాలుగోది. మిగతా ఆరూ తప్పులైనా క్షమించగలను, దీన్ని మాత్రం క్షమించలేను. “ఏ సమస్య వచ్చినా ముందు ఎనీ-ఎనీ రూల్ పెట్టి లైను నడిపించండి, తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు.”

ఎనీ-ఎనీ అంటే ఎవరైనా దేనితోనైనా మాట్లాడవచ్చు అని. తర్వాత అంటే ఎప్పుడు? లైను నడిచాక ఆ ప్యానెల్ దగ్గరకు తిరిగి ఎవరు వస్తారు? కమిషనింగ్ బృందం ఇంకో సైటుకు వెళ్లిపోతుంది. ప్రొడక్షన్ వారికి స్క్రీన్ మీద అంకెలు కదులుతుంటే చాలు. ఆడిట్ వచ్చినప్పుడు గేట్‌వే ఉందా అని అడుగుతారు, ఉంది, పచ్చ దీపం కూడా వెలుగుతోంది. దాని వెనుక ఎవరైనా దేనితోనైనా మాట్లాడవచ్చు అనే రూల్ సంవత్సరాల తరబడి అలాగే ఉంటుంది. తాత్కాలికంగా వదిలేసిన పని ఎంత దూరం వెళ్తుందో 2017లో సౌదీ అరేబియాలోని పెట్రోకెమికల్ ప్లాంట్ చూపించింది. అక్కడి ట్రైకోనెక్స్ భద్రతా కంట్రోలర్‌కు తాళంచెవి ఉంటుంది. పని అయ్యాక ‘రన్’ స్థానానికి తిప్పాల్సిన ఆ చెవి ‘ప్రోగ్రామ్’ స్థానంలోనే ఉండిపోయింది. ట్రైటన్ అనే హానికర ప్రోగ్రామ్ రాసినవారికి భద్రతా వ్యవస్థలోనే కోడ్ ఎక్కించడానికి ఆ స్థానమే అవకాశమిచ్చింది. పేలుళ్లు, విషవాయువుల నుంచి మనుషులను కాపాడాల్సిన వ్యవస్థ అది.

మోడ్‌బస్ 1979లో పుట్టింది. దానిలో పాస్‌వర్డ్ లేదు, ఎవరు అడుగుతున్నారో చూసే ఏర్పాటు లేదు. ఫంక్షన్ కోడ్ (ఆదేశం నంబరు) 3 వస్తే రిజిస్టర్ చదివి చెబుతుంది, 6 గానీ 16 గానీ వస్తే అడిగినవారి విలువ రాసేసుకుంటుంది. వాల్వు సెట్‌పాయింట్ మార్చింది ఆపరేటరా, అకౌంట్స్ విభాగంలో వైరస్ పట్టిన కంప్యూటరా అని దానికి తేడా లేదు. పారిశ్రామిక గేట్‌వే మామూలు ఫైర్‌వాల్ కంటే ఎందుకు ఖరీదు? ఇలాంటి ప్రోటోకాల్ లోపలికి చూసి, రిపోర్టు కంప్యూటరుకు చదివే హక్కు మాత్రమే ఇచ్చి, రాసే ఆదేశాలను ఆపగలదు కాబట్టి. ఆ డబ్బంతా పోసి కొని, ఎనీ-ఎనీ పెట్టి, దాన్ని రెండు తీగలు కలిపే డబ్బాగా మార్చమని సలహా ఇస్తున్నారు. అంతకంటే ఆ డబ్బుతో ప్లాంట్‌కు రంగులు వేయించుకోవచ్చు కదా, కనీసం చూడటానికి బాగుంటుంది!

పోనీ, లోపం కనిపెట్టడానికైనా పనికొస్తుందా? రాదు. నన్ను అన్నిటికంటే మండించేది ఇదే. డీఫాల్ట్ గేట్‌వే లేకపోవడం వల్ల వచ్చిన సమస్యకు ఎనీ-ఎనీ ఏమీ చేయదు. పీఎల్‌సీకి రెండు నెట్‌వర్క్ కార్డులు ఉండి, ప్రశ్న గేట్‌వే గుండా వెళ్లి జవాబు ఇంకో దారిలో వస్తుంటే, సంభాషణలో సగమే చూసిన గేట్‌వే మిగతా సగాన్ని పడేస్తుంది. దానికీ ఎనీ-ఎనీ మందు కాదు. గంటకోసారి మాత్రమే డేటా అడిగి దాచిపెట్టే హిస్టోరియన్ సర్వర్ ఉంటే, ఆ మధ్యలో గేట్‌వే ఆ కనెక్షన్‌ను తన పట్టికలోంచి తుడిచేస్తుంది. తర్వాత వచ్చిన ప్యాకెట్‌ను చాలా గేట్‌వేలు గుర్తుపట్టవు. కావలసింది కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికే ఉందని చెప్పే చిన్న సందేశం), లేదా ఆ కనెక్షన్‌కు ఎక్కువ గడువు. అంటే సగం సందర్భాల్లో అన్నీ తెరిచినా లైను నడవదు, తెరిచిన తలుపు మాత్రం మిగులుతుంది. ఒకవేళ నడిచిందే అనుకోండి, ఏ రూల్ లోపించిందో మీకు తెలిసిందా? తెలియలేదు. పైగా ఇప్పుడు ఏదీ ఆగడం లేదు కాబట్టి లాగ్‌లో ఆధారం కూడా లేదు. జ్వరం ఎంతుందో చూడటం ఇష్టం లేక థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంది.

చేయాల్సిన పని ఇంతకంటే కష్టం కాదు. అన్నిటికంటే కింద ఉండే ‘మిగతా అంతా ఆపు’ రూల్‌కు లాగింగ్ ఆన్ చేయండి. ఆగిన ప్యాకెట్ ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టుకు, ఏ సమయంలో అన్నది ఒక్క వరుసలో కనిపిస్తుంది. పోర్టు నంబరును బట్టి అది ఏ పరికరాల భాషో తెలుస్తుంది: 102 అయితే సీమెన్స్ ఎస్7, 44818 అయితే ఈథర్‌నెట్/ఐపీ, 20000 అయితే డీఎన్‌పీ3, 2404 అయితే సబ్‌స్టేషన్ల ఐఈసీ 104. ఆ రెండు చిరునామాల మధ్య ఆ ఒక్క పోర్టుకు రూల్ రాయండి. కొత్తగా పెడుతున్నప్పుడైతే ముందు ఏదీ ఆపకుండా గమనించే పద్ధతిలో నడపండి. ఒక షిఫ్టుతో సరిపెట్టకండి, స్టార్టప్, షట్‌డౌన్, బ్యాచ్ మార్పు, నెలాఖరు రిపోర్టు అన్నీ ఆ గమనింపులోకి రావాలి. నెలకోసారి మాత్రమే మాట్లాడే పరికరాలు ఉంటాయి. గమనించే పద్ధతికీ ఎనీ-ఎనీకీ తేడా ఏమిటని అడిగేవారు ఉన్నారు. మొదటిదానికి ముగింపు తేదీ ఉంటుంది, ప్రతి ప్యాకెట్ లాగ్‌లోకి వస్తుంది.

పాత ఓపీసీ (వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ప్లాంట్ డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) దగ్గర మాత్రం అందరూ విసిగిపోతారని ఒప్పుకుంటాను. అది 135 పోర్టులో పలకరించి, అసలు సంభాషణను అప్పటికప్పుడు ఎంచుకున్న మరో పోర్టులో నడుపుతుంది. ఏ పోర్టు తెరవాలో ముందుగా తెలియదు కనుక వేల పోర్టులు తెరిచేస్తారు. ఓపీసీని అర్థం చేసుకునే గేట్‌వే అయితే ఆ రెండో పోర్టును పట్టుకుని అదొక్కటే తెరుస్తుంది. లేకపోతే దాని కొత్త రూపమైన ఓపీసీ యూఏకు మారండి, మామూలుగా దానికి 4840 అనే ఒక్క పోర్టు చాలు.

ఐదో సూత్రం చదివి ఆగిపోయాను. “కంట్రోలర్‌కు, రిమోట్ ఐఓకు మధ్య గేట్‌వే పెట్టవద్దు, పెడితే ప్లాంట్ ట్రిప్ అవుతుంది.” ఇది నిజం. పూర్తిగా నిజం. రిమోట్ ఐఓ అంటే సెన్సర్లు, వాల్వుల తీగలు చేరే దూరపు పెట్టె. దానికీ కంట్రోలర్‌కూ మధ్య ప్రొఫినెట్ అనే పారిశ్రామిక నెట్‌వర్క్ రియల్‌టైమ్ డేటా కొన్ని మిల్లీసెకన్లకోసారి తిరుగుతుంది, దానికి ఐపీ చిరునామాతో పనే లేదు. సాధారణంగా వరుసగా మూడు విడతలు అందకపోతే కంట్రోలర్ ఆ ఐఓ పోయిందని తేల్చేస్తుంది. అక్కడ పెట్టె పెట్టమని పట్టుబట్టేవారు ఆఫీసు నెట్‌వర్క్‌లు మాత్రమే చూసినవారు. ఈ మాట రాసినవారికి ప్లాంట్ తెలుసు. గేట్‌వే చెడిపోతే ఉత్పత్తి ఆగుతుందన్న వారి భయంలో కూడా న్యాయం ఉంది. ఆ భయానికి జవాబు రెండు వేర్వేరు 24 వోల్టుల సరఫరాలు, అలమారాలో అదే కాన్ఫిగరేషన్‌తో సిద్ధంగా ఉన్న రెండో పెట్టె. కరెంటు పోతే రెండు పోర్టులను నేరుగా కలిపేసే బైపాస్ రిలే ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో కూర్చుని నిర్ణయించుకోవాలి. భద్రతా వ్యవస్థ ముందు ఉన్న గేట్‌వేకు దాన్ని పెట్టకూడదు. ఇంత తెలిసిన మనిషి నాలుగో సూత్రం ఎలా రాశారో నాకు అర్థం కాదు.

ఆరో సూత్రం: “ఏమీ తోచకపోతే రీబూట్ చేయండి.” రీబూట్ చేస్తే కనెక్షన్ల పట్టిక, ఏఆర్‌పీ పట్టిక ఖాళీ అవుతాయి కనుక చాలాసార్లు సమస్య పోయినట్టు కనిపిస్తుంది. రెండు రోజులకు మళ్లీ వస్తుంది. ఈలోగా మెమొరీలో ఉన్న లాగ్ పోయింది, భద్రపరచని కాన్ఫిగరేషన్ మార్పులూ పోయాయి. లాగ్‌ను వేరే సర్వర్‌కు పంపండి, గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం ఇచ్చే సేవతో) కలపండి. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు 180 రోజుల లాగ్‌లు ఉంచమంటున్నాయి, ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పమంటున్నాయి. రీబూట్ చేసి తుడిచేశాక ఏం చెబుతారు?

ఏడోది: “వెండర్ సపోర్టుకు ప్యానెల్‌లో ఒక 4జీ రౌటరు పెట్టుకోండి, గేట్‌వేను కదపక్కర్లేదు.” 2003 జనవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేవిస్-బెస్సే అణు విద్యుత్ కేంద్రంలో స్లామర్ పురుగు ప్రవేశించింది. ఆ పురుగు వాడే పోర్టును వారి ఫైర్‌వాల్ ఆపుతూనే ఉంది. పురుగు దాని గుండా రాలేదు, ఒక కాంట్రాక్టరు కోసం వేసిన వేరే లైనులోంచి వచ్చింది. రియాక్టర్ భద్రతా విలువలు చూపే వ్యవస్థ దాదాపు ఐదు గంటలు పనిచేయలేదు. అప్పటికి రియాక్టర్ మరమ్మతు కోసం ఆగి ఉండటం అదృష్టం. వెండర్‌కు దారి కావాలంటే గేట్‌వేలోనే వీపీఎన్ ఇవ్వండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, అతను అడిగినప్పుడు తెరిచి పని అయ్యాక మూసేయండి. మీ ప్యానెళ్లలో ఇప్పటికే సిమ్ వేసిన రౌటరు ఏదైనా ఉంటే, అది ఎవరిదో కనుక్కుని, షిఫ్ట్ ఇన్‌చార్జితో మాట్లాడి, ఈ వారంలోనే తీయించండి.