నీళ్ళకు మ్యాపు చదవడం రాదు

బెంగళూరులో గట్టి వాన పడ్డ ప్రతిసారీ జనం బిల్డర్లను తిడతారు, అధికారులను తిడతారు. అసలు ముద్దాయిని ఒక్కరూ పట్టుకోరు. ఆ ముద్దాయి నీళ్ళు. ఇస్రో ఉన్న ఊళ్ళో, సర్వే నంబరు కొడితే ఫోన్లో హద్దులు కనపడే కాలంలో, మన నీళ్ళకు మ్యాపు చదవడం రాదంటే ఎంత నామోషీ! దాదాపు 900 మీటర్ల ఎత్తున పుట్టి, పల్లం ఎటుంటే అటు పోయి బెళ్ళందూరు చెరువులో పడటం, అక్కణ్ణుంచి వర్తూరు చెరువు, తర్వాత దక్షిణ పినాకిని నది. ఇంతకు మించి వాటికి లోకజ్ఞానం లేదు.

కంప్యూటర్లో మ్యాపులు పేర్చి చూసే జీఐఎస్ అంటే ఏమిటో నాకు మా బావమరిది చెప్పాడు. అతని ఉద్యోగమే అది. మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్సులో కూర్చుని, పప్పులో నెయ్యి వేసుకుంటూ విడమరిచాడు. "ట్రేసింగ్ పేపర్లు అనుకో బావా. ఒకదాని మీద చెరువులు, ఒకదాని మీద వాననీళ్ళు పోయే రాజకాలువలు, ఇంకోదాని మీద సర్వే నంబర్లు. అన్నీ పేర్చి పైనుంచి చూస్తే ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో తెలిసిపోతుంది."

"తెలియకూడదనుకుంటే?"

"పక్కన టిక్కు ఉంటుంది. తీసేస్తే ఆ లేయర్ కనపడదు."

1960లలో కెనడా వాళ్ళు భూముల లెక్క కోసం మొదలుపెట్టిన విద్య ఇది. అందులో ఆ టిక్కును మించిన సౌకర్యం నాకు కనపడలేదు. మన ఊరి పెద్దలు మాత్రం కంప్యూటర్లు రాకముందే ఆ టిక్కు తీయడం నేర్చుకున్నారు. ధర్మాంబుధి చెరువుకు తీస్తే మెజెస్టిక్ బస్టాండు వచ్చింది. సంపంగి చెరువుకు తీస్తే కంఠీరవ స్టేడియం. చల్లఘట్ట చెరువుకు తీస్తే గోల్ఫ్ మైదానం. గోల్ఫ్ ఆడేవాళ్ళ బంతి నీళ్ళలో పడితే చికాకు కదా, ముందుచూపు అంటే అది.

బఫర్ సంగతి చెప్పాలి, అందులో నా అనుభవం ఉంది. 2016 మే నెలలో హరిత ట్రిబ్యునల్ చెరువు చుట్టూ 75 మీటర్లు ఖాళీగా వదలాలంది. మా అపార్ట్‌మెంటు సరిగ్గా అందులో పడింది. వాట్సాప్ గ్రూపులో మూడేళ్ళు ఒకటే టెన్షన్. 2019 మార్చి 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, మాస్టర్ ప్లానులో ఉన్న 30 మీటర్లే చాలంది. అంటే ఒక్క ఇటుక కదలకుండా మా బిల్డింగు చెరువు నుంచి 45 మీటర్లు క్షేమంగా జరిగింది. ఆంజనేయుడు కూడా కొండను ఇంత చప్పుడు లేకుండా మోయలేదు. ఆ సాయంత్రం మేం మైసూరుపాకు పంచుకున్నాం. చెరువుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ 30 మీటర్లయినా ఎక్కణ్ణుంచి కొలవాలి? ఇక్కడే శాస్త్రం రంజుగా ఉంటుంది. ఇక్కడి పాత గ్రామ నక్షాల్లో అంగుళానికి 660 అడుగులు. అర మిల్లీమీటరు మందం పెన్సిలు గీత గీస్తే నేల మీద నాలుగు మీటర్లు. ఆ గీతకు కుడి అంచు పట్టుకుంటే ఒకాయన కారు షెడ్డు పోతుంది, ఎడమ అంచు పట్టుకుంటే ఎదురింటాయన తులసికోట పోతుంది. మా బావమరిది ఆఫీసులో ఒక కుర్రాడు నక్షా మడతను కాలువ అనుకుని నీలం రంగులో గీసేశాడట. మడత మీద ఇల్లున్నాయన లాయర్ చుట్టూ తిరిగాడు, నిజం కాలువ మీద ఇల్లున్నాయన గృహప్రవేశం చేసుకున్నాడు. పోనీ ఉపగ్రహాన్ని అడుగుదామంటే, ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో చదరం 30 మీటర్లు. బఫర్ మొత్తం ఒకే ఒక్క చుక్క. ఇంత పెద్ద దేశంలో ఒక్క చుక్కకు పట్టుపట్టడం ఏం మర్యాద?

2022 సెప్టెంబరులో మాత్రం నీళ్ళు మర్యాద పూర్తిగా మరిచిపోయాయి. అర్ధరాత్రి సెల్లార్ మెట్ల మీద నిలబడి, ఫోన్లో సర్వే నంబర్లు, కాలువలు చూపించే దిశాంక్ యాప్ తెరిచాను. నీలం గీత మా స్విమ్మింగ్ పూల్ కిందుగా వచ్చి, జనరేటరు గది పక్కనుంచి వెనక గోడ దాటి వెళ్తోంది. తలెత్తి చూస్తే నీళ్ళూ అదే దారి. ఒక్క అడుగు పక్కకు జరగలేదు. నా స్కూటర్ కూడా ఆ గీత మీదే తేలుతూ వెళ్ళి గోడకు ఆనుకుంది. మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారిది నెల్లూరు, రిటైర్డ్ ఇంజనీరు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని, "ఏమయ్యా, మన ఎన్‌ఓసీలన్నీ ఆఫీసు రూములోనే ఉండాయే, మరి నీళ్ళెట్టా వచ్చినాయి?" అన్నారు. నిజంగా అడిగారు. పొద్దున్న ఐటీ వాళ్ళను ట్రాక్టర్ల మీద ఆఫీసులకు తీసుకెళ్ళారు.

మా వెనకవీధిలో ఒక తాత ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన. "ఆడ కాలవ ఉండె కదప్పా" అన్నాడు తాపీగా. మరి ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "నువ్వు అడగల్యా, కొన్న్యావు." ఆ స్థలం అమ్మింది ఆయనే.

కాబట్టి నీళ్ళకు శిక్షణ ఇప్పించడం తప్ప వేరే దారి లేదు. వాటి ఇబ్బందీ కొంచెం అర్థం చేసుకోవచ్చు. 2031కి వేసిన ముసాయిదా మాస్టర్ ప్లాను 2017లో వచ్చింది, తర్వాత వెనక్కి పోయింది. 2015 కోసం వేసిన ప్లానుతోనే 2015 దాటాక కూడా ఏళ్ళకేళ్ళు గడిపాం. ఏది తాజా ప్లానో తెలియక నీళ్ళు 1537లో కెంపేగౌడ నాటి దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

పోయిన వారం మా బావమరిది ఫోన్ చేశాడు. వర్తూరు వైపు సైటు కొంటున్నాడట, రేటు బాగుందట.

"లేయర్లన్నీ వేసి చూశావురా?"

"చూశా బావా. చెరువుది ఒక్కటే లోడ్ అవడం లేదు. ఇక్కడ నెట్ కొంచెం స్లో."