గిజిగాడు గారికి, మంచె మీది నుంచి

మహారాజశ్రీ గిజిగాడు గారికి,

పేరులోనే ‘గాడు’ ఉన్నవారికి ‘గారు’ తగిలించడం ఎబ్బెట్టుగానే ఉంది. అయినా బావి పక్క తాడిచెట్టంతా మీదే అయ్యాక మర్యాద తప్పదు కదా.

నిన్న మధ్యాహ్నం సంగతి. పొద్దున్నుంచి మంచె మీద డబ్బా కొట్టీ కొట్టీ చిల్లులు పడింది నా చెవులకే. సద్దిమూట విప్పి నాలుగు ముద్దలు తిన్నాను, అంతే. తలెత్తి చూస్తే గట్టువార జొన్న కంకులు బోడిగా నిలబడ్డాయి. పాలు పోసుకుంటున్న గింజ! పాలు పిండుకుని తొక్కలు నాకు మిగిల్చారు. పిట్ట దరిదాపులకు రాదని కొట్టువాడు అంటగట్టిన మెరుపు రిబ్బను మీద మీవారొకరు కూర్చుని ముక్కు నూరుకుంటున్నారు. దిష్టిబొమ్మ ఊసెత్తకండి. దానికి నా చొక్కా దండగ.

పిట్టకూ వాటా ఉంటుందనేవాడు మా తాత. వాటా అన్నాడు, చేను అనలేదు. సరే, అదీ వదిలేస్తాను. వదల్లేనిది మీ ఇంటి ముచ్చట.

లోకమంతా మిమ్మల్ని ఇంజనీరు అంటుంది. గూట్లో మిణుగురులతో దీపం పెట్టుకుంటారని కథలు కూడానూ. ఉన్నది ఉత్త మట్టిముద్ద, అదీ నా గట్టుదే. మరి కట్టడానికి సరుకెక్కడిది? నా వరిమడిలో ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, జానెడేసి మూరెడేసి పీలికలు చీల్చుకుపోతారు. ఒక్క గూటికి 500 సార్ల దాకా తిరుగుతారట. తిరగండి, కష్టపడేవాణ్ని కాదనను. కానీ సగం కట్టి, టోపీలా వేలాడదీసి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తారు. ఆవిడ వచ్చి, తొంగిచూసి, నచ్చలేదని వెళ్లిపోతుంది. పక్క మట్టకు ఇంకోటి మొదలు! ఆకు మళ్లీ నా మళ్లోదే! మీ పెళ్లిచూపులు తప్పినప్పుడల్లా ఖర్చు నాది. పోనీ నచ్చిందా, ఆవిణ్ని గుడ్ల మీద కూర్చోబెట్టి, ఇంకో ఆవిడ కోసం ఇంకో గూడు. దానికీ నా ఆకే! ఒరేయ్, ‘గారు’ పీకేస్తున్నా. మూడేళ్లుగా నా ఇంటి కప్పు కారుతోందిరా. మొన్నటి ముసురుకి నీ గూళ్లలో ఒక్కటీ రాలలేదు.

సాయంత్రం వడిసెలలో రాయి పెట్టుకుని తాడి కింద నిలబడ్డాను. అప్పుడే ఓ మహాతల్లి నీ నాలుగో గూడూ కాదని లేచిపోయింది. నువ్వు ఆ టోపీకి వేలాడుతూ కాసేపు కిమ్మనలేదు. తర్వాత ఓ పీలిక సర్ది, నా మడి వైపు చూశావు.

రాయి బావిలో పడేశాను. మడి ఉత్తరం మూల ఆకు కాస్త పొడుగ్గా ఉంది. జొన్న జోలికి మాత్రం రాకు.