పాత పర్ఫార్మెన్స్ సెడాన్: పెరిగేది మోడల్ ధర కాదు, మిగిలిన కారు ధర

1990 నాటి మెర్సిడెస్ 190ఈ 2.5-16 ఎవల్యూషన్-2 వేలానికి వచ్చిన ప్రతిసారీ, కొత్తప్పటి ధరకు కొన్ని రెట్లు పలికిందన్న వార్త వస్తుంది. ఆ వెంటే ఏ పాత స్పోర్ట్స్ సెడాన్ అమ్మకానికి పెట్టినా ప్రకటనలో ‘ఫ్యూచర్ క్లాసిక్’ అన్న మాట చేరిపోతుంది. ఎవల్యూషన్-2 తయారైంది 502 మాత్రమే. రేసుల్లో దిగాలంటే కనీసం 500 కార్లు తయారు చేసి తీరాలన్న నిబంధన ఉండబట్టి పుట్టిన కారది. ప్రకటనలో ఉన్న సెడాన్ మాత్రం వేలల్లో, పదివేలల్లో తయారై ఉంటుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడంతోనే లెక్క తప్పడం మొదలవుతుంది.

ఈ తరగతి కార్లలో చాలావాటి ధర పెరగదు. పెరిగినట్టు కనిపించే చోట కూడా పెరిగేది ఆ మోడల్ మొత్తం ధర కాదు, అందులో చెడకుండా మిగిలిన కొద్దిపాటి కార్ల ధర. నిర్వహణ ఖర్చు కలిపి చూస్తే ఆ పెరుగుదలలోనూ చాలా భాగం ఆవిరైపోతుంది.

వేగవంతమైన సెడాన్ కొత్తగా ఉన్నప్పుడు పెద్ద కంపెనీల లీజుల్లో, మొదటి యజమానుల చేతుల్లో మూడు నాలుగేళ్లు తిరుగుతుంది. ఆలోగా ధర సగానికి పడిపోవడం మామూలే. పదీ పదిహేనేళ్లకు నేలను తాకుతుంది. అసలు ప్రమాదం ఆ దశలోనే ఉంది. కారు ధర పడిపోయినా బ్రేక్ డిస్కులు, ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), క్లచ్ ధరలు పడిపోవు. మామూలు సెడాన్ ధరకే 500 హార్స్‌పవర్ వచ్చిందని కొన్న నాలుగో యజమానికి మొదటి పెద్ద సర్వీసు బిల్లే తడిసి మోపెడవుతుంది. దాంతో పని వాయిదా పడుతుంది, అవసరమైన చోట నాసిరకం పార్టు పడుతుంది. కొన్ని డ్రిఫ్టింగ్‌కు పోతాయి, కొన్ని స్పేర్ పార్టుల కోసం విడదీయబడతాయి. మంచివి తగ్గాక మిగిలిన వాటి ధర లేస్తుంది. వేలం గ్రాఫుల్లో కనిపించేవి ఈ మిగిలినవే. దారిలో పోయినవి ఏ గ్రాఫులోనూ ఉండవు.

తక్కువగా తయారైతే చాలు, ధర దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం ఒకటుంది. బీఎండబ్ల్యూ ఎం5లో వరసగా వచ్చిన రెండు తరాలు చూస్తే అది నిలవదు. 1998-2003 మధ్య వచ్చిన, ఈ39 అన్న కోడ్ పేరున్న తరానికి 4.9 లీటర్ల వీ8, 400 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే. తర్వాతి ఈ60కి 5 లీటర్ల వీ10, 507 హార్స్‌పవర్, నిమిషానికి 8,250 చుట్లు. రెండూ దాదాపు 20 వేల చొప్పునే తయారయ్యాయి. శక్తి ఎక్కువ, వయసు తక్కువ, పైగా సెడాన్‌లో వీ10 అన్నది మళ్లీ రాదు. అయినా మార్కెట్లో మంచి ఈ39 కంటే ఈ60 చౌకగానే దొరుకుతూ వచ్చింది. కారణం గేర్‌బాక్స్, భయం. ఈ60లో ఎక్కువ భాగం ఎస్ఎంజీ అనే ఆటోమేటెడ్ క్లచ్ గేర్‌బాక్స్‌తో వచ్చాయి, మాన్యువల్ ఉత్తర అమెరికాకే దక్కింది. ఎస్ఎంజీ హైడ్రాలిక్ పంపు పోతే గేరు పడదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ యాక్చువేటర్లు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి. వీటన్నిటికీ మించినది కనెక్టింగ్ రాడ్ బేరింగుల సమస్య; పిస్టన్ రాడ్, ఇంజిన్‌లో తిరిగే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండే పలుచని లోహపు ముక్కలివి.

ఈ బేరింగుల సంగతి కాస్త వివరంగానే చూడాలి, ఎందుకంటే కారు విలువ ఎక్కడ దాగి ఉంటుందో ఇంత స్పష్టంగా చూపేది మరొకటి లేదు. ఈ60 వీ10లోనూ, దానికి తోబుట్టువులాంటి ఈ90 ఎం3లోని 4 లీటర్ల వీ8లోనూ ఈ బేరింగులు త్వరగా అరుగుతాయి. ఇంజిన్‌కు నిర్దేశించిన ఆయిల్ 10డబ్ల్యూ-60 గ్రేడు, చల్లగా ఉన్నప్పుడు చాలా చిక్కనిది. ఆయిల్ వేడెక్కకముందే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కే డ్రైవర్ చేతిలో అరుగుదల ఇంకా వేగం. చప్పుడు బయటికి వినిపించే వేళకు క్రాంక్‌షాఫ్ట్ గీతలు పడిపోయి ఉంటుంది. అప్పుడిక బేరింగ్ ఒక్కటే మార్చి ప్రయోజనం లేదు, ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయించుకోవడమో మార్చుకోవడమో తప్పదు. ముందుజాగ్రత్తగా మార్చాలంటే ఇంజిన్‌ను పైనుంచి పట్టి ఉంచి, ముందు సబ్‌ఫ్రేమ్ కిందికి దించి, ఆయిల్ సంప్ విప్పాలి. వీ8కి 16, వీ10కి 20 అర్ధచంద్రాకారపు ముక్కలు పడతాయి. రాడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం కాబట్టి పాతవి మళ్లీ వాడకూడదు.

అమ్మేవాడు ‘బేరింగులు మార్చాం’ అన్నంత మాత్రాన నమ్మనక్కర్లేదు. పని తెలిసిన గ్యారేజీ తీసిన పాత బేరింగులను సిలిండర్ల వరసలో పేర్చి ఫొటో తీసి ఇస్తుంది. బూడిదరంగు పైపొర పోయి రాగి రంగు తేలిన చోట అరుగుదల ఎంతో కంటికే తెలుస్తుంది. ఆ ఫొటో, కొత్త బోల్టులతో సహా పార్టు నంబర్లున్న బిల్లు, అప్పటి ఓడోమీటర్ రీడింగ్ మూడూ ఉంటే ఆ కారుకు ఎక్కువ ఇవ్వొచ్చు. లేకపోతే ఆ పని ఖర్చంతా అడిగిన ధరలోంచి తీసేసే బేరం మొదలుపెట్టాలి. తొలి ఇంజిన్లలో సీసం-రాగి బేరింగులు ఉండేవి కాబట్టి, వాడిన ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపినప్పుడు సీసం పాలు పెరుగుతూ వస్తుంటే అది హెచ్చరికే. ఒక్క పరీక్షతో ఏమీ తేలదు, వరస రిపోర్టులు కావాలి.

ప్రతి మోడల్‌కూ ఇలాంటి బలహీనత ఒకటుంటుంది. మెర్సిడెస్ సీ63 ఏఎంజీ 6.2 లీటర్ల వీ8 తొలి ఇంజిన్లలో సిలిండర్ హెడ్‌ను బిగించే బోల్టులు తుప్పుపట్టి విరిగేవి, కూలెంట్ సిలిండర్లోకి దిగేది. ఆడి బీ7 ఆర్ఎస్4లో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, డీఆర్సీ అనే, ఆయిల్ గొట్టాలతో ఒకదానికొకటి కలిపిన సస్పెన్షన్‌లో డ్యాంపర్లు లీకవుతాయి. పోర్షే ఫ్యాక్టరీ చేయి పడిన మెర్సిడెస్ 500ఈకి ఇంజిన్ వైరింగ్ తొడుగు పెళుసై రాలిపోవడం ప్రసిద్ధమే. మందు తెలిసి, పార్టు దొరికినంత కాలం తెలిసిన జబ్బు ధరను చంపదు. వాల్వు మసి శుభ్రం చేయడం ఒకరోజు పని. ఇటాలియన్ పెద్ద సెడాన్లు ఎంత అందంగా ఉన్నా కింద పడి ఉండటానికి పార్టుల కరవే ప్రధాన కారణం.

తక్కువ తిరిగిన కారే మంచిదన్న లెక్కా నమ్మదగింది కాదు. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2312 అని ఉంటే అది 2012లో 23వ వారం తయారీ. ట్రెడ్ నిండుగా ఉన్నా ఆ రబ్బరు వేగానికి పనికిరాదు. అదే వయసు బుష్‌లకు, సీళ్లకు, కూలెంట్ గొట్టాలకూ ఉంటుంది. ఇక ఓడోమీటర్ మాటకొస్తే, ఈ39లో కిలోమీటర్ల లెక్క డాష్‌బోర్డులోనే కాక లైట్ కంట్రోల్ మాడ్యూల్‌లోనూ దాగి ఉంటుంది. రెండూ పొసగకపోతే ఓడోమీటర్ అంకెల దగ్గర చిన్న చుక్క వెలుగుతుంది. చాలామంది కొనుగోలుదారులు దాని మీద కన్నే వేయరు. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100-150 మైక్రాన్ల మందం. ఒక డోరు 300 చూపిస్తే అక్కడ రీపెయింట్ జరిగింది, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే.

లాభం లెక్కకు వద్దాం. 100కు కొన్న కారు పదేళ్లకు 160కి అమ్ముడైతే చూడటానికి ఘనంగానే ఉంటుంది. చక్రవడ్డీ లెక్కన ఏటా 4.8 శాతం. బీమా, పార్కింగ్, ఆయిల్, టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ కలిపి ఏటా కారు ధరలో 5 శాతమే అనుకున్నా, ఇది ఉదారమైన లెక్కే, పదేళ్లలో 50 పోయింది. మిగిలింది 10, అంటే ఏడాదికి ఒక శాతం కూడా కాదు. ద్రవ్యోల్బణాన్ని ఇంకా ముట్టుకోలేదు. మధ్యలో ఒక్క ఇంజిన్ పని వస్తే అసలుకే ఎసరు. అమ్మకం ప్రకటనల్లోని ‘పెరిగింది’ అన్న మాట వెనక ఈ ఖర్చులేవీ ఉండవు, అవి కాకి లెక్కలు. నడిపిన ఆనందాన్ని ఖర్చులోంచి తీసేసుకునే వాళ్లకు మాత్రం ఇది మంచి బేరమే: కొత్త కారు కొంటే తరుగుదల కిందే అంతకంటే ఎక్కువ పోయేది.

గిరాకీని లేపే శక్తులు బయట కూడా ఉంటాయి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. అందుకే 1999లో వచ్చిన మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్-6కు 2024 నుంచి అక్కడి తలుపులు తెరుచుకున్నాయి. ఆ తేదీ అందరికీ ముందే తెలుసు కాబట్టి పెరుగుదలలో కొంత అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. మరొకటి తరాల సంగతి: కుర్రతనంలో గోడమీద పోస్టరుగా అంటించుకున్న కారును నలభై అయిదేళ్లకు కొనేవాళ్లే ఈ మార్కెట్‌ను నడిపేది. వాళ్లు తప్పుకున్నాక ఆ గిరాకీ అలాగే నిలుస్తుందన్న హామీ లేదు.

కొత్త మోడళ్లు కూడా పాతవాటికి పరోక్షంగా మేలు చేస్తున్నాయి. 2022లో సీ63 పేరుతో వచ్చిన కారులో వీ8 పోయి 2 లీటర్ల నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ చేరింది. 680 హార్స్‌పవర్ ఉన్నా పాత అభిమానుల కళ్లు 6.2 లీటర్ల వీ8 వైపు మళ్లాయి. మాన్యువల్ గేర్‌బాక్స్, టర్బో లేని ఇంజిన్, పూర్తి సర్వీసు చరిత్ర ఉన్న సెడాన్లు నేల ధర నుంచి లేవడానికి అవకాశం ఉన్నది అందుకే. కొత్త హైబ్రిడ్లు అదే దారిలో నడుస్తాయని నేననుకోను. ఇరవయ్యేళ్ల తర్వాత హైవోల్టేజ్ బ్యాటరీ వయసు తీరిపోయి ఉంటుంది. కారు గుర్తింపు నంబరుతో ముడిపడిన కంట్రోల్ మాడ్యూల్ తయారీని కంపెనీ ఆపేశాక, వేరే కారులోంచి తీసి బిగించినా తాజాగా కోడింగ్ చేయించకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. బేరింగులైతే ఏ మంచి మెకానిక్ అయినా మార్చగలడు.